పాత మోటారు హోమునకు జీర్ణోద్ధరణ

నిలుచుట ఇంటి ధర్మము, నడచుట బండి ధర్మము. ఈ రెండు ధర్మములను ఒక్క చట్రము మీదికి తెచ్చి, వంటయిల్లు, పడక, స్నానపుగది, ఇంజను, చక్రములు అన్నింటిని ఒకే కప్పు క్రింద ఇమిడించిన వాహనమును అమెరికా దేశమున మోటారు హోమ్ అందురు. అట్టి వాహనము వృద్ధమైనప్పుడు ఇంటికి వచ్చు వ్యాధులును, బండికి వచ్చు వ్యాధులును దానిని ఒక్కమారుగా చుట్టుముట్టును. కప్పు కారును, కొయ్య చివుకును, నీటిగొట్టములు పగులును. అదే కాలమున బ్రేకులు పట్టు వదలును, టైర్లు బీటలు వారును, పెట్రోలు ట్యాంకులో తుప్పు పేరుకొనును. 40, 50 ఏండ్ల వయస్సు గల యిట్టి బండ్లు ఆ దేశపు పల్లెసీమలలో ధాన్యపు కొట్టముల ప్రక్కను, ఇండ్ల పెరడులలోను తక్కువ వెలకు దొరకుచుండును. వానిని కొని, మెకానిక్కులు గాని వడ్రంగులు గాని కాని సామాన్య గృహస్థులు, పనిలో ఓనమాలు దిద్దుకొనుచునే స్వహస్తములతో బాగుచేసికొనుట అచ్చట నేడొక ప్రియమైన వ్యాసంగమైనది. ఈ పనిని తొలిసారి తలకెత్తుకొనువాడు పాటింపవలసిన క్రమమేదో, ఆ క్రమమునకు కారణములెవ్వియో వివరించుట ఈ వ్యాసమునకు ఉద్దేశము.

చక్రములపై నివాసమన్న ఊహ క్రొత్తది కాదు. 1910లోనే పియర్స్-యారో అను కార్ల సంస్థ, వెనుక సీటును పడకగా మార్చుకొను వీలుతో, చేతులు కడుగుకొను మడత తొట్టితో, ‘టూరింగ్ లాండో’ అను వాహనమును న్యూయార్కులోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ప్రదర్శించెను. అది ధనికుల విలాసము. మోటారు హోమును సామాన్య కుటుంబములకు అందుబాటులోనికి తెచ్చిన కీర్తి అయోవా రాష్ట్రమందలి ఫారెస్ట్ సిటీ అను చిన్న పట్టణమునకు దక్కినది. వ్యవసాయము గిట్టుబాటు కాక యువకులు ఊరు విడిచిపోవుచున్న ఆ రోజులలో, ఊరికొక పరిశ్రమ కావలెనని జాన్ కె. హాన్సన్ మొదలగు స్థానిక వర్తకులు పూనుకొనగా, 1958లో అచ్చట ట్రైలర్ల కర్మాగారము వెలసెను; అదియే పిమ్మట విన్నెబాగో సంస్థ యయ్యెను. 1966లో ఆ సంస్థ తొలి మోటారు హోమును తయారుచేసి, తోటి తయారీదారుల వెలలో సుమారు సగమునకే అమ్మజూపుటచే, కొలది యేండ్లలోనే విన్నెబాగో అను పేరు అమెరికాలో ఈ జాతి వాహనమునకంతకును పర్యాయపదమైనది.

కొనువారి ఉత్సాహమును చూచి జనరల్ మోటార్స్ సంస్థ స్వయముగా ఈ రంగమున ప్రవేశించి, 1973 మొదలు 1978 వరకు గల మోడళ్లలో, మిషిగన్ రాష్ట్రపు పాంటియాక్ నగరమున, జి.ఎం.సి. అను పేర మోటారు హోములను నిర్మించెను. ఇతరులు లారీ చట్రము మీద పెట్టెవంటి గదిని నిలుపగా, వీరు ముందు చక్రములకే శక్తి నందించు ఓల్డ్స్‌మొబైల్ టొరొనాడో కారు యంత్రాంగమును గ్రహించిరి. మొదట 455 ఘనపుటంగుళముల ఇంజను, 1977 మోడలు కాలమున దాని స్థానమున 403 ఘనపుటంగుళముల ఇంజను అమర్చిరి. ఇంజను నుండి వెనుక చక్రములకు పోవు కడ్డీ నేల క్రింద లేదు గనుక బండి నేల బాగుగా క్రిందికి దిగినది. వెనుక భాగమున ఒక్కొక్క ప్రక్కను రెండేసి చక్రములు ఒకదాని వెనుక నొకటి నిలిచి, గాలితిత్తుల ఆధారమున బరువును మోయును. శరీరము అల్యూమినియం, ఫైబర్‌గ్లాసులతో చేసినది; పొడవు 23, 26 అడుగులు. 1973 అక్టోబరులో అరబ్బు దేశములు అమెరికాకు చమురు నిలిపివేయుటతో పెట్రోలునకు కరవేర్పడి, ఇట్టి పెద్ద బండ్ల వర్తకమే గడగడ వణికినది. జి.ఎం.సి. నిర్మించిన బండ్లు మొత్తముమీద 13 వేలకు కొంచెము తక్కువ. అయినను, ఉత్పత్తి నిలిచి ఇన్ని దశాబ్దములు గడచినను వానికి విడిభాగములు దొరకుచున్నవి, యజమానుల సంఘములు నడచుచున్నవి. తొలిసారి పూనుకొనువానికి ఇంతకు మించిన బలము లేదు. ఏలయన, అరుదైన బండిని కొనినవాడు ఒక్క కిటికీ బిగింపు కొరకు నెలల తరబడి వెదకవలసి వచ్చును.

కావున నిర్ణయములన్నింటిలోను ముఖ్యమైనది బండిని ఎన్నుకొనుట. ఆ కాలపు మోటారు హోములు పెక్కింటికి గోడల లోపల సన్నని కొయ్యచట్రమును, దానిపై పలుచని అల్యూమినియం రేకును ఉండును. వెలుపల రేకు తళతళలాడుచుండగనే లోపలి కొయ్య చివికి పొడియై యుండవచ్చును. లోహపు చట్రము గల జి.ఎం.సి. బండ్లలో సహితము నేల ప్లైవుడ్‌తో చేసినదే యగుటచే, నీరు దిగిన చోట మెత్తబడును. కొనదలచినవాడు వాన వెలిసిన మరునాడు బండిని చూడబోవుట మేలు. లోని కడుగిడగనే ముక్కిన వాసన వచ్చుచున్నదా, పైకప్పు మూలలందు గోధుమరంగు మరకలున్నవా, గోడను అరచేతితో నొక్కిన లోనికి పోవుచున్నదా, అలమారుల అడుగు చెక్కను స్క్రూడ్రైవరు మొనతో పొడిచిన దిగబడుచున్నదా అని పరీక్షింపవలెను. ఇంజను చెడినచో మరియొక ఇంజను దొరకును గాని, లోపలి చట్రమంతయు చివికినచో బండిని గోడలతో సహా విప్పి మరల కట్టవలసి వచ్చును. అది తొలి ప్రయత్నమునకు తగిన భారము కాదు. యాజమాన్య పత్రము అమ్మువాని పేరిటనే ఉన్నదా, దానిపై గల సంఖ్యయు బండిపై చెక్కిన సంఖ్యయు ఒక్కటియేనా అన్నది కూడ సొమ్ము చెల్లింపక మునుపే చూడవలెను. కొన్న వెల మొత్తము వ్యయములో స్వల్పభాగమే యగును గనుక, చేతనున్న ధనమంతయు వెచ్చించి బండిని కొనరాదు.

బండి ఇల్లు చేరిన నాటి యుత్సాహమున చాలమంది మొదట చేయు పని లోపలి పాత తెరలను పీకివేసి, గోడలకు రంగు వేయుట. ఇది ప్రారంభములోనే క్రమమును తలక్రిందులు చేయుట. ఎట్టి పాత బండికైనను వరుస ఒక్కటియే యని నా దృఢాభిప్రాయము: ప్రాణమును కాపాడు పని మొదటిది, బండిని కాపాడు పని రెండవది, కంటికి ఇంపైన పని చివరిది. ఏండ్ల తరబడి మూసియుంచిన బండిలో ఎలుకలు కాపురముండుట సహజము. అమెరికాలో కొన్ని జాతుల ఎలుకల మలమూత్రముల ధూళి పీల్చుటవలన హాంటా వైరసు సోకి ప్రాణాంతక వ్యాధి కలుగును. కనుక పొడిచీపురుతో ఊడ్వక, క్రిమిసంహారక ద్రవముతో తడిపి, ముఖమునకు తగిన మాస్కు, చేతులకు తొడుగులు ధరించి తుడువవలెను. ఆ కాలపు బ్రేకు లైనింగులలోను, కొన్ని నేలపలకలలోను ఆస్బెస్టాస్ ఉండు అవకాశము కలదు. వానిని పొడి గావించి గాలిలోనికి లేపరాదు. విప్పుటకు ముందు ప్రతి భాగమును ఫొటో తీసి, విప్పిన ప్రతి మరను, తీగను చీటి కట్టి డబ్బాలలో భద్రపరచుట అలవాటు చేసికొన్నవానికి, మాసముల పిమ్మట తిరిగి బిగించునపుడు ఏది ఎక్కడిదన్న చింత యుండదు.

శుభ్రపరచిన వెంటనే దృష్టి నిలుపవలసినది కప్పు మీద. వాహనపు కప్పు మన పెంకుటింటి కప్పు వంటిది. గదిలో నీరు కారుచున్న చోటికి సరిగా పైన చిల్లు ఉండదు. ఎక్కడో ఒక అతుకు వద్ద దిగిన నీరు చట్రపు కమ్ముల వెంట జారి, అడుగులకొలది దూరమున గోడలో దిగును. నీరు దిగు తావులు సామాన్యముగా కప్పు అతుకులు, గాలికిటికీల చుట్టును గల అంచులు, బండి మూలలందలి చిన్న దీపముల అడుగు భాగములు, కిటికీ చట్రములు, ఏ.సి. యంత్రపు పీఠము. పాత జిగురు మీదనే క్రొత్త జిగురు పూయుట వ్యర్థము. ఒక్కొక్క అమరికను ఊడదీసి, పాత పదార్థమును శుభ్రముగా గోకి, అంచు క్రింద బ్యూటైల్ పట్టీ పరచి, మరలు బిగించి, మరతలలను అంచులను కప్పునట్లు కప్పులకై ప్రత్యేకించిన సీలెంటు పోయవలెను. అంగడిలో సులభముగా దొరకు సిలికోన్‌ను ఇచ్చట వాడరాదు. అది ఒకమారు పట్టిన తావున మరే పదార్థమును సరిగా అంటుకొనదు గనుక, తరువాతి మరమ్మతుకు శాశ్వతమైన ఆటంకమగును. కప్పు పని ముగిసినపిమ్మట నీటిగొట్టముతో క్రింది నుండి పైకి మెల్లగా తడుపుచు, లోపల నొకరిని నిలిపి చూచుట నమ్మదగిన పరీక్ష. చివికిన కొయ్యను, గట్టికొయ్య తగులువరకు కోసి తీసివేసి, పూర్తిగా ఆరనిచ్చిన మీదటనే క్రొత్తకొయ్యను అతుకవలెను.

నీరు కారుట నిలిచిన పిమ్మట ఆలోచింపవలసినది బండిని ఆపుట. నడుపుటకు ముందు ఆపుట నేర్పవలెనన్నది పాత బండ్ల విషయమున తిరుగులేని సూత్రము. బ్రేకు ద్రవము గాలిలోని తేమను పీల్చుకొను స్వభావము కలది. ఏండ్లు గడచిన ద్రవములో నీటిపాలు హెచ్చి, దాని మరుగు ఉష్ణోగ్రత పడిపోవుటచే, కొండదారి దిగునపుడు వేడికి ఆవిరి బుడగలు పుట్టి, పెడలు నేలకంటిపోవును. రబ్బరు గొట్టములు వెలుపల చక్కగనే కనబడుచు లోపల ఉబ్బి పూడిపోవును. అప్పుడు నొక్కిన ఒత్తిడి చక్రమునకు చేరినను తిరిగి రాలేక, బ్రేకు పట్టుకొని వదలదు. కావున గొట్టములు, సిలిండర్లు, ద్రవము అన్నియు మార్చుట తప్పనిసరి. ఇది చేతకానివాడు, తక్కిన పనులెన్ని స్వయముగా చేసినను, ఈ ఒక్కదానిని నిపుణునికి అప్పగించుటలో లోటు లేదు. టైరు విషయమున దానిపై గాడులెంత లోతుగ నున్నవని గాక, అది ఎన్నడు పుట్టినదని చూడవలెను. 2000 సంవత్సరము నుండి టైరు ప్రక్కగోడ మీది సంకేతములో చివరి నాలుగంకెలు జన్మకాలమును తెలుపును. 2319 అని యున్నచో 2019వ సంవత్సరపు 23వ వారమున తయారైనదని యర్థము. అరుగకున్నను వృద్ధమైన టైరు బరువైన బండి క్రింద వేడెక్కి పేలును.

ఈ పనులన్నియు బండి క్రింద దూరి చేయవలసినవి. జాకీ మీద మాత్రమే నిలిచిన బండి క్రింద ఎన్నడును దూరరాదు. చక్రములకు అడ్డుదిమ్మలు వేసి, చట్రము క్రింద ఉక్కు స్టాండ్లు నిలిపిన పిమ్మటనే దూరవలెను. గాలితిత్తులపై నిలుచు జి.ఎం.సి. వంటి బండ్లలో తిత్తి గాలి తీసినచో వెనుకభాగమంతయు ఒక్కమారుగా క్రుంగును గనుక ఈ జాగ్రత్త రెట్టింపు కావలెను. ఇంధనపు దారిని కూడ ఈ దశలోనే చక్కబెట్టుట ఉచితము. నిలువయున్న పెట్రోలు జిగటపడి కార్బ్యురేటరు రంధ్రములను మూయును; నేటి అమెరికా పెట్రోలులో సామాన్యముగా నూటికి 10 వంతుల వరకు కలియు ఇథనాలు, దాని కొరకు ఉద్దేశింపని పాత రబ్బరు గొట్టములను మెత్తపరచును. వేడియెక్కిన ఇంజను మీద ఒక్క చుక్క పెట్రోలు కారుటయే పెక్కు పాత బండ్ల దహనమునకు కారణము. ఇథనాలును తట్టుకొను క్రొత్త గొట్టములకగు వ్యయమెంత? దానివలన తొలగు భయమెంత!

ఇక లోపలి నిప్పు, లోపలి విద్యుత్తు. వంటకును, నీళ్లు కాచుకొనుటకును, చలికి వేడి నిచ్చుటకును ఈ బండ్లలో ప్రొపేన్ గ్యాసు వాడుదురు. అది గాలికంటె బరువైనది గనుక కారినచో పైకి పోక నేల మీద పరచుకొని, నిప్పురవ్వ కొరకు వేచియుండును. రెగ్యులేటరు దాని ఒత్తిడిని సుమారు 11 అంగుళముల నీటిస్తంభమునకు తగ్గించి పొయ్యికి పంపును. ప్రతి కలయికకును సబ్బునీరు పూసి బుడగలు వచ్చుచున్నవేమో చూచుట మన వంటయిండ్లలోను ఎరిగినదే. దానికి తోడు ఒత్తిడిమాపకముతో నిపుణునిచేత పరీక్ష చేయింపవలెను. గ్యాసు కనిపెట్టు పరికరమును నేలకు దాపుగను, కార్బన్ మోనాక్సైడు కనిపెట్టు పరికరమును పడకల సమీపమునను అమర్చుట విధి. ఈ రెండవ వాయువునకు రంగు లేదు, వాసన లేదు. గ్యాసు మంటతోనే చల్లదనమునిచ్చు రెఫ్రిజిరేటరు ఈ బండ్లలో ఒక వింత. 1922లో స్వీడన్ విద్యార్థులు వాన్ ప్లాటెన్, మంటర్స్ కనిపెట్టిన పద్ధతి యది. కదలు యంత్రభాగమొక్కటియు లేక, అమ్మోనియా, నీరు, ఉదజని వాయువుల సంచారముచే పనిచేయును. ద్రవము తన బరువుతోనే క్రిందికి ప్రవహింపవలెను గనుక బండి ఏటవాలుగా నిలిచినచో సంచారము నిలిచి యంత్రము కాలిపోవును. అందుచే పలువురు నేడు దానిని తొలగించి, బ్యాటరీతో నడచు కంప్రెసరు రెఫ్రిజిరేటరును పెట్టుకొనుచున్నారు.

విద్యుత్తు రెండు విధములు: బ్యాటరీ నుండి వచ్చు 12 వోల్టులది యొకటి, విడిదిచోట తీగ తగిలించి తీసికొను 120 వోల్టులది మరియొకటి. 120 వాట్ల పరికరము 120 వోల్టులలో ఒక్క యాంపియరు తీసికొనగా, 12 వోల్టులలో 10 యాంపియర్లు తీసికొనును. వోల్టులు తక్కువైన చోట తీగ లావుగా ఉండవలసిన కారణమిదియే. సన్నని తీగలో అంత ప్రవాహము పోయినచో అది వేడెక్కి గోడలోపలనే అంటుకొనును. బ్యాటరీ ధనధ్రువమునకు అత్యంత సమీపమున ఫ్యూజు ఉండవలెను. 100 యాంపియరు-గంటల 12 వోల్టుల బ్యాటరీలో 1200 వాటు-గంటల శక్తి యిముడును. సీసపు బ్యాటరీ ఆయుష్షు కోరువాడు అందు సగమునకు మించి వాడరాదు, అనగా 30 వాట్ల పంకా సుమారు 20 గంటలు తిరుగును. లిథియం ఐరన్ ఫాస్ఫేటు బ్యాటరీలో ఎక్కువ భాగము వాడుకొనవచ్చును గాని, గడ్డకట్టు చలిలో దానిని చార్జి చేయరాదు. 120 వోల్టుల తీగల పనిని ఎలక్ట్రీషియను కన్నులముందు గాని, వానిచేత గాని చేయింపవలెను.

నీటి యేర్పాటు తొలిసారి వానికి చేతనైన పని. 1970 దశకపు చివర మొదలు 1990 దశకపు నడుమ వరకు అమెరికాలో వాడిన బూడిదరంగు పాలీబ్యూటిలీన్ గొట్టములు కాలక్రమమున పగులునవి. వాని స్థానమున పెక్స్ అను ప్లాస్టిక్ గొట్టములు వేయుట నేటి పద్ధతి. నీరు మంచుగా మారునపుడు సుమారు 9 శాతము వ్యాకోచించును గనుక, శీతకాలము రాకముందే గొట్టములను ఖాళీచేసి, మోటారు హోములకై తయారగు విషరహితమైన ప్రొపిలీన్ గ్లైకాలు ద్రవమును నింపవలెను. ఈ నియమము తప్పిన మునుపటి యజమానుల అశ్రద్ధయే, కొన్న బండిలో పగిలిన కుళాయిల రూపమున దర్శనమిచ్చును.

ఇన్ని చక్కబడిన పిమ్మట లోపలి అలంకారమునకు వేళ యగును. అప్పుడును ఒక సంయమనము కావలెను. ఇంటిలో బరువునకు హద్దు లేదు, బండిలో కలదు. తయారీదారు నిర్ణయించిన గరిష్ఠ భారము బండి లోపల పలక మీద వ్రాసియుండును. ఒక లీటరు నీరు ఒక కిలోగ్రాము. 40 గ్యాలన్ల ట్యాంకు నిండినచో ఆ ఒక్కటియే సుమారు 150 కిలోగ్రాములు. దీనికి తోడు రాతిపలకలు, టేకు అలమారులు, బరువైన మంచములు అమర్చినచో, ఎంతో శ్రమించి బాగుచేసిన బ్రేకులకును టైర్లకును మోయరాని భారము పడును. పలుచని ప్లైవుడ్, తేలికైన నేలపరపు, గుడ్డ ఆసనములు చాలును. కుడియెడమల బరువు సమముగా ఉండునట్లు సామానులను సర్ది, వేబ్రిడ్జి మీద తూకము వేయించి, ఒక్కొక్క ఇరుసుపై ఎంత పడినదో చూచిన పిమ్మటనే దూరప్రయాణము తలపెట్టవలెను. తొలి ప్రయాణము ఇంటికి దాపుననే జరిపి, అగ్నిమాపకమును, పనిముట్లను వెంట నుంచుకొని, బయటపడిన లోపములను వ్రాసికొని వచ్చి దిద్దుకొనుట వివేకము.

చక్రములపై నివాసము తెలుగువారికి అపరిచితము కాదు. 1982లో తెలుగుదేశము పార్టీని స్థాపించిన నందమూరి తారక రామారావు ఒక పాత షెవర్లే వ్యానును ప్రచారమునకు అనువుగా మార్పించి, చైతన్య రథమని పేరిడి, కుమారుడు హరికృష్ణ సారథ్యమున రాష్ట్రమంతట పర్యటించిన వైనమును చూచినవారు నేటికిని చెప్పుకొందురు. నేడు అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబములు వేసవి సెలవులలో మోటారు హోమును అద్దెకు తీసికొని జాతీయ వనములకు పోవుచున్నవి. వారిలో సొంతముగా ఒక పాత బండిని ఉద్ధరింప నుత్సహించువారికి పై క్రమము ఉపకరించును. మన దేశమున ఈ పని తలపెట్టువారు మాత్రము చట్టమును మొదట చూడవలెను. 1988 నాటి మోటారు వాహనముల చట్టపు 52వ సెక్షను ప్రకారము, రిజిస్ట్రేషన్ పత్రములోని తయారీదారు వివరములకు భిన్నమగునట్లు వాహనమును మార్చుకొను స్వేచ్ఛ యజమానికి లేదు. మోటారు కారవాన్లకు ఏ.ఐ.ఎస్. 124 అను ప్రత్యేక ప్రమాణము కూడ కలదు. కావున పాత వ్యానును కొని రంపము చేతబట్టుటకు ముందు రవాణాశాఖ కార్యాలయమున విచారించుట ఆవశ్యకము.

మన విద్యావంతుల కుటుంబములలో చేతిపనిని పరుల కొప్పగించుటయే గౌరవమను భావమొకటి నాటుకొని యున్నది. ఇంటి కుళాయి కారినను, ఫ్యూజు పోయినను, మనకు తెలియని విద్య యని తప్పుకొనుట మనకు పరిపాటి. పాత బండిని బాగుచేయువాడు తన కప్పు ఎక్కడ అతికియున్నదో, తన బ్రేకు ఏల పట్టుచున్నదో, తన దీపమునకు విద్యుత్తు ఏ తీగ వెంట వచ్చుచున్నదో ఎరిగినవాడగును. తాను వాడు వస్తువులపై అట్టి యెరుక గలవాడు వస్తువులకు దాసుడు కాడు. పాఠకులలో మోటారు హోమును కొనగలవారు కొందరే యుండవచ్చును. కాని పాత సైకిలో, కుట్టుమిషనో, తాతగారి నాటి రేడియోయో లేని యిల్లు అరుదు. ఈ సెలవులలో దానిని దుమ్ము దులిపి, పిల్లలను ప్రక్కన కూర్చుండబెట్టుకొని, వారి చేతికి స్క్రూడ్రైవరు ఇచ్చి, విప్పి, శుభ్రపరచి, మరల బిగింపుడు.